బొమ్మలో కనిపించని మా అయ్య

మా అయ్యది ఒక్క ఫొటో కూడా మాకు లేదు. ఉన్నదల్లా ఒక పాత సినిమా బొమ్మ. అందులోనూ ఆయన కనిపించడు.

సినిమాకు మాటలొచ్చిన కొత్తలో మద్రాసులో తీసిన పాటల హాస్యచిత్రం అది. అరగంటలో అయిపోతుంది. అత్తారింటికి వచ్చిన అల్లుడు పాడుతూ పాడుతూ పిండి బానలో పడతాడు, పడి కూడా పాట ఆపడు. అప్పట్లో వాయిద్యాలవాళ్లు తెరమీదికి రాకుండా పొదలచాటున కూర్చుని వాయించేవారట. మా అయ్య వీరాస్వామి నాటకాల హార్మోనిస్టు. పాట కుదిరితే పాడేవాడికి 'భళా' అనడం స్టేజీ మీద అలవాటు. పొదచాటున కూడా ఆయన నోరు ఊరుకోలేదు. ఆ మాట పాటతోపాటు రికార్డయిపోయింది. దాంతో ఉన్న పని ఊడింది, మలయా ఓడెక్కాడు. నేను అమ్మ కడుపులో ఉండగా, యుద్ధంలో జపానువాళ్లు ఆయన్ని సయాం అడవుల్లో రైలుదారి వేసే పనికి పట్టుకుపోయారు. మళ్లీ రాలేదు. మా అమ్మ కన్నమ్మ ఆయన గురించి ఎప్పుడు చెప్పినా అక్కడ పట్టుకున్న జ్వరం, ఆ చావే.

మలయాకు స్వతంత్రం, అదే మెర్డెకా, రావడానికి ముందు ఏడాది ఆ బొమ్మ బంటింగ్ ఊరి దగ్గర మా రబ్బరు తోటకు వచ్చింది. ఆ 'భళా' సంగతి అమ్మ అప్పుడే మొదటిసారి చెప్పింది. అడవిలో కమ్యూనిస్టుల గొడవ, ఆరింటికల్లా కర్ఫ్యూ. అందుకని రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగగదికి చీకటి కోసం గోనెసంచులు కట్టి పగలే ఆడించారు. అల్లుడు బానలో పడగానే జనం ఒకటే నవ్వు. ఆ గోలలో 'భళా' కాస్తా వినపడకుండా పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

అమ్మ లేచి మిషను దగ్గరికి వెళ్లింది.

"సెల్లప్పన్ అన్నా, మళ్లీ ఎయ్యి. ఆళ్ల అయ్య గొంతు నా పిల్ల ఇన్నేదు."

"టైము లేదు లా! పోలీసులు వస్తారు అక్కా," మలాయివాళ్ల 'లా' తగిలించి అన్నాడు బొమ్మ ఆడించే సెల్లప్పన్.

అందరికన్నా ఎక్కువ నవ్విన ముసలి అప్పలమ్మ కదలకుండా కూర్చుంది. "ఏటి టైము? ఆ పాటొక్కటే ఎయ్యి నాయనా. ఈసారి ఎవుడు నవ్వుతాడో సూత్తాను."

సెల్లప్పన్ గొణుక్కుంటూనే రీలు వెనక్కి తిప్పాడు. అల్లుడు మళ్లీ బానలో పడ్డాడు. ఒక్కరూ నవ్వలేదు. తల్లులు పిల్లల నోళ్లు మూశారు.

"భళా!"

సన్నటి, కుర్రగొంతు. నవ్వు ఆపుకోలేక అన్న మాట.

"అమ్మా, అయ్య నవ్వుతున్నాడే!" అన్నాను.

"మరి? ఎప్పుడూ నవ్వే," అంది అమ్మ.

ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. అంతవరకూ మా అయ్యంటే సయాంలో చచ్చిపోయినవాడు, అంతే. బుద్ధెరిగాక మొదటిసారి ఆయన కోసం ఏడ్చాను.