రంగు దిగిన కప్పలు

రంగులద్దే ఇంట్లో దేన్నైనా క్షమిస్తారు గానీ, రంగు దిగడాన్ని క్షమించరు. గుడ్డ చిరిగితే కుట్టొచ్చు, ముడత పడితే ఇస్త్రీ చేయొచ్చు. రంగు దిగిందంటే మాత్రం తాతల నాటి పరువు మురిక్కాలవలో కలిసినట్టే. అలాంటి ఇంట్లో చిన్నకోడలు ముచ్చటపడి పెంచుకుంటున్న రెండు చెట్టుకప్పలు ఒక ఉదయం రంగు దిగి కనిపించాయి.

నిన్నటిదాకా అవి చివురాకుల్లా పచ్చగా ఉండేవి. గాజుతొట్టిలో కొమ్మెక్కి, కాళ్లు పొట్ట కిందికి ముడుచుకుని, కళ్లు సగం మూసుకుని కూర్చునే చిన్నదానికి ఆమె దొరగారు అని పేరు పెట్టింది. మనిషి పొట్టే అయినా దర్జాకేం తక్కువలేదు మరి. రెండోది చిలకమ్మ. ఇప్పుడు ఇద్దరూ తడిసిన అట్టముక్కల రంగుకు తిరిగి, మొహాలు వేలాడేసుకుని ఉన్నారు.

"రంగు పూసి అమ్మారు మరదలా!" బావగారు పొట్ట పట్టుకుని నవ్వారు. బావగారంటే ఆమె భర్తకు అన్నగారు, ఆ ఇంటి పెద్దకొడుకు. "చేపల కొట్టువాడు నీ చెవిలో పువ్వు పెట్టాడు. రంగులోళ్ల ఇంటికే రంగేసిన కప్పల్ని అంటగట్టాడంటే వాడు మామూలోడు కాడు!"

అత్తగారు ముక్కున వేలేసుకున్నారు. మామగారు మాత్రం నవ్వలేదు. కోడలికి భయమేసింది అందుకే. ఆయన తొట్టి మీదికి వంగి, ఎవరో తిప్పి తెచ్చిన గుడ్డను చూసినట్టు కప్పల్ని చూశారు.

"నాసిరకం రంగు. ఒక్క తడుపుకే పోయింది," అని తీర్పు చెప్పేశారు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఇంట్లో అందరికీ తెలుసు. "సాయంత్రం దుకాణం కట్టేసేలోగా తిరిగిచ్చేసి రా. ఇంకో మాట, అమ్మాయ్. రంగుల గదిలోకి వస్తానని నా ప్రాణాలు తోడేస్తున్నావే, అది కూడా మర్చిపో. అసలు రంగేదో పూత ఏదో తెలీని కన్ను నా కాగు దగ్గర పనికిరాదు."

కోడలికి కడుపు మండిపోయింది. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆమెకు దక్కింది మడతల బల్ల ఒక్కటే. గోడకు అవతల పెద్ద కాగులో రంగు మరుగుతుంటే, కర్రతో కలుపుతూ మామగారు పెద్దకొడుక్కి పనిలోని కిటుకులన్నీ చెబుతుంటారు. పెద్దకొడుకు ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేస్తాడు. ఇవతల గుడ్డలు మడతపెట్టుకునే ఈమె మాత్రం ఒక్క ముక్క పోనివ్వలేదు.

చేతులు తడుపుకుని దొరగారిని పైకెత్తింది. పొడిచేత్తో పట్టుకుంటే ఆ పల్చటి చర్మానికి ప్రమాదం. వీపు, నెత్తి, మోచేతి మడత, తొడ మడత అన్నీ తిప్పి తిప్పి చూసింది. ఉన్నట్టుండి ఆమె మొహం విచ్చుకుంది.

"మామయ్యా, రంగు దిగితే ఎక్కడ దిగుతుంది?"

"ఎండ తగిలినచోట, రాపిడి ఉన్నచోట."

"మడతల్లో?"

"మడతల్లో మిగిలిపోతుంది. అదీ తెలీదా?"

"మరి దొరగారి మడతల్లో పిసరంత పచ్చ కూడా లేదు, చూడండి. ఇది దిగిన రంగు కాదు మామయ్యా, మారిన రంగు. సాయంత్రానికి మళ్లీ రప్పిస్తా. రాకపోతే కప్పలు కొట్టుకు పోతాయి, నేను మడతల బల్ల దగ్గరే పడుంటా. వస్తే?"

"రానీ ముందు," అన్నారు మామగారు.

మారిందంటే కారణం ఉండాలి. తొట్టి చుట్టూ చూసింది. ఇందాకటి కంగారులో గమనించలేదు గానీ, అది తను పెట్టినచోట లేనేలేదు. ఆ అరలో ఇప్పుడు గుడ్డల మూటలున్నాయి. తొట్టి కిటికీ పక్కన, గుడ్డలారేసే పెద్ద పంఖాకు ఎదురుగా ఉంది. ముట్టుకుంటే గాజు చల్లగా తగిలింది. లోపల నాచు పెళపెళలాడుతోంది, పళ్లెంలో నీళ్లు అడుగంటాయి.

"ఇక్కడెవరు పెట్టారు బావగారూ?"

"మూటలకి చోటు చాలక రాత్రి నేనే జరిపా. కాస్త గాలి తగిలితే ఏమైందట?"

"ఒళ్లంతా నోరై నీళ్లు తాగే జీవాల్ని పంఖా ముందు ఎండేసి, ఏమైందంటారా!"

మూటలు కిందికి దించి, తొట్టిని పాత అరలోకే చేర్చింది. అవతల కాగు ఉండటంతో ఆ గోడ ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. కుళాయి మందు పోయేలా నిలవబెట్టిన నీళ్లు మెల్లగా చిలకరించి, పైన తడిగుడ్డ కప్పి, పనిలో పడింది. మధ్యాహ్నం గుడ్డ ఎత్తి చూస్తే కప్పలు అట్టముక్కల్లాగే ఉన్నాయి. మరికాసిని నీళ్లు చిలకరించి మళ్లీ గుడ్డ కప్పేసింది.

"కుంచె ఏమన్నా తెచ్చివ్వనా మరదలా?" అంటూ బావగారు వచ్చినప్పుడల్లా ఒక చురక వేసి పోయారు. ఆమె పళ్లు బిగబట్టి మడతలు పెట్టుకుంది.

పొద్దు వాలింది. మామగారు చేతులు కడుక్కుని వచ్చి అర ముందు నిలబడ్డారు. వెనకే బావగారు, అత్తగారు. కోడలు గుడ్డ తీసింది.

కొమ్మ మీద దొరగారూ చిలకమ్మా పచ్చగా మెరిసిపోతున్నారు. నిగనిగలాడే, కళ్లు చెదిరే పచ్చ! కోడలికి కేక పెట్టాలనిపించింది.

"మధ్యలో పూసేసుంటుంది!" అన్నారు బావగారు.

మామగారు ఆ మాట పట్టించుకోలేదు. భుజం మీది తెల్లగుడ్డ తీసి, నీళ్లలో ముంచి, పిండి, అరచేతిలో పరిచి తొట్టిలోకి చాపారు. ఏ రంగు నికరమో తేల్చడానికి ఆ ఇంట్లో ఉన్న పరీక్ష అదొక్కటే. దాని ముందు ఎంతటివాళ్లైనా నోరు మూసుకోవాల్సిందే. దొరగారు ఒకసారి కళ్లు ఆర్పి, ఎగిరి ఆ గుడ్డ మీద దిగారు. అటూ ఇటూ పాకారు. ఆపైన గొంతు బుడగలా పొంగించి, గది మారుమోగేలా అరిచారు. అత్తగారు ఉలిక్కిపడి, పకపకా నవ్వేశారు.

మామగారు దొరగారిని భద్రంగా కొమ్మెక్కించి, గుడ్డను దీపం వెలుగులో పట్టి చూశారు. మల్లెపువ్వులా ఉంది.

"దిగలేదు," అన్నారు. "నా మాట నాకే అప్పజెప్పావు కదమ్మా," అని ఆయన కూడా నవ్వారు. లోపలికి వెళ్లి, పెద్దకొడుకు చేతికి తప్ప ఎవరికీ ఇవ్వని కర్ర తెచ్చి ఆమె చేతుల్లో పెట్టారు.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. మర్నాడు పొద్దున్న చిన్నకోడలు కాగు ముందు నిలబడి, ఆవిరిలో చెమటలు కక్కుతూ పచ్చరంగు కలుపుతోంది. గోడకు ఇవతల మడతల బల్ల దగ్గర బావగారు కూర్చున్నారు.

"అంచులు కలవాలి బావగారూ, జాగ్రత్త!" అని ఆమె కేకేసింది.

బావగారు మూతి ముడుచుకుని అంచులు కలుపుకున్నారు. ఆయన తరఫున అరలోంచి దొరగారు పలికారు.