రాకాసిగూడు కన్నంలో మేయరు

ఫిర్మిన్ డెల్బోస్‌కు నడుం పట్టేసి మూడు వారాలైంది. మేయరై ఉండి వంగి నడవడం నామోషీగా ఉంది. ఎదురొచ్చిన ప్రతివాడికీ తనే ముందు దణ్ణం పెడుతున్నట్టుంది. భార్య నోఎలీది మొదటినుంచీ ఒకటే మాట, మిట్టమీది రాకాసిగూట్లో దూరి రమ్మని.

ఎప్పటివాళ్ళో తమ చచ్చినవాళ్ళను పెట్టి, పైన గడ్డివామంత బండ కప్పిన గూడు అది. ముందరి పలకకు గుండ్రటి కన్నం. అందులోంచి దూరితే నడుంనొప్పి రాయికి అంటుకుని అక్కడే ఉండిపోతుందని ఊరి ఆడవాళ్ళ నమ్మకం. అదంతా మూఢత్వమని సభలో దులిపేసినవాడు ఫిర్మినే. చర్చిలో ఫాదర్ వెసాడ్ కూడా అదే అన్నాడు. వాళ్ళిద్దరికీ కుదిరిన మాట జన్మలో అదొక్కటే.

ఆదివారం మధ్యాహ్నం ఊరంతా భోజనాల దగ్గర ఉండగా ఫిర్మిన్ మిట్టెక్కాడు. తల దూరింది, భుజాలు దూరాయి. ఇన్నేళ్ళ జున్నూ సాసేజీలూ పోగైన బొజ్జ మాత్రం దూరలేదు. ముందుకు పోదు, వెనక్కి రాదు. లోపల గొర్రె పెంటికల కంపు. పూర్వీకులకు ముఖం, లోకానికి పిరుదులు చూపిస్తూ ఉండిపోయాడు.

అంతలో అడుగుల చప్పుడైంది. వచ్చేది ఫాదర్ తప్ప ఎవరైనా సరేనని, దేవుణ్ణి నమ్మని ఫిర్మిన్ దేవుణ్ణే వేడుకున్నాడు. వచ్చింది ఫాదరే.

ఊళ్ళో గారూ, మీరూ అనుకునేవాళ్ళే గాని, ఇద్దరూ బళ్ళో ఒకే బెంచీమీద తన్నులు తిన్నవాళ్ళు.

“ఫిర్మిన్, నువ్వేనట్రా?”

“గొర్రెపిల్ల తప్పిపోయిందంటే వెతుకుతున్నా.”

“దొరికిందా?”

“లేదు. ఇంతకీ నువ్వెందుకొచ్చావ్?”

వంగబోయిన ఫాదర్ నోట ఒక మూలుగు వినిపించింది. ఫిర్మిన్‌కు అర్థమైంది.

“నీకూ నడుమేనా?”

“ఆగస్టు నుంచీ. ఎవరికీ చెప్పకురోయ్.”

ఊరందరి పాపాలూ వినే మనిషి మొదటిసారి తనది ఒప్పుకున్నాడు, అదీ ఒక జత పిరుదుల ముందు.

తర్వాత కాళ్ళు పట్టుకుని లాగాడు. ముందు బూట్లు వచ్చాయి, తర్వాత పంట్లాం వచ్చింది. ఆ తర్వాత ఫిర్మిన్ వీపులో అక్రోటుకాయ పగిలినట్టు ఫట్‌మంది. మనిషి ఊడి బయటపడ్డాడు. లేచి నిలబడితే నిటారుగా ఉన్నాడు. ఫాదర్ మాత్రం వెల్లకిలా పడి లేవలేకపోయాడు.

ఫాదరూ కన్నం కోసమే వచ్చాడని పొద్దుగూకేలోగా ఊరంతా చెప్పి నవ్వించొచ్చని ఫిర్మిన్‌కు ఒక్క క్షణం నోరూరింది. కానీ తన నడుం బాగుచేస్తూ ఆ మనిషి తన నడుం విరగ్గొట్టుకున్నాడు. లేవదీసి, బక్కప్రాణాన్ని తనే కన్నంలోకి తోశాడు.

ఆ మిట్టమీది పొలం గలావిడ మార్తూ గొర్రెలతో వచ్చేసరికి, బయట పంట్లాం లేని మేయరు, కన్నంలో ఫాదర్ కాళ్ళు.

“ముందు పంట్లాం ఎక్కించుకోండి మేయరుగారూ,” అంది. “గొర్రెలు బెదురుతున్నాయి.”

చీకటి పడకముందే సంగతి ఊరంతా పాకింది. పై ఆదివారం క్రిస్మస్‌కు కూడా రాని జనం చర్చికి వచ్చారు. ఫాదర్ మునుపటికన్నా వంగిపోయి బలిపీఠం మెట్లెక్కుతుంటే వెనక ఎవడో కిసుక్కుమన్నాడు.

పెళ్ళయ్యాక మళ్ళీ చర్చి గడప తొక్కని ఫిర్మిన్ ఆరోజు ముందు వరసలో కూర్చున్నాడు. లేచి, వెనక్కి తిరిగి, వాడి నవ్వు ఆగేదాకా చూశాడు. అప్పుడు కూర్చున్నాడు.


పూజ మొదలైంది.