రుమాలు తీసేదాకా

తాడుకి కొబ్బరినూనె పట్టిస్తూ మహబూబ్ మరోసారి వెనక్కి తిరిగి చూశాడు. హాల్లో ఎవరూ లేరు. ఆరువందల కుర్చీలు, ఆగిపోయిన ఫ్యాన్లు, గుమ్మం పక్కన ఈ వారం కార్యక్రమాల ఫ్లెక్సీ. అయినా అరనిమిషానికోసారి అలా తిరిగి చూడడం అతనికి అలవాటైపోయింది. వెనకనుంచి ఎవరైనా పిలుస్తున్నారేమోనని భయం.

తాడేపల్లిగూడెంలోని ఆ కళామందిరంలో తెర లాగడం మొదలెట్టి ముప్పై ఒక్క ఏళ్లయింది. మనిషి పొట్టి, సన్నం. అరచేతులు మాత్రం ఇంకెవరివో అన్నట్టు పెద్దవి, తాడు ఒరుసుకుని కాయలు కాసినవి. ఉద్యోగంతో పాటు హాలు వెనక ఒక గది ఇచ్చారు. గుల్షన్‌తో కాపురం, కూతురు పుట్టడం, పెళ్లై వెళ్లడం అన్నీ ఆ గదిలోనే జరిగాయి. ఉద్యోగం పోతే గదీ పోతుంది. ఆరేళ్లుగా అతనికి వినపడదు. ఒక్కసారిగా పోలేదు. ముందు దూరంగా కూసే రైలు పోయింది, తర్వాత కుక్కర్ విజిల్, ఆఖరికి గుల్షన్ గొంతు. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలను బట్టి గ్రహిస్తాడు. ఈ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే, గుల్షన్, హార్మోనిస్టు జోగారావు.

ఏటా జరిగే సంగీత నాటకోత్సవాల్లో మిగతా రోజులతో ఇబ్బంది లేదు. వయొలిన్ విద్వాంసుడు దణ్ణం పెట్టగానే తెర దించెయ్యొచ్చు. బుర్రకథ చెప్పేవాళ్లు చెయ్యెత్తి మరీ సెలవు తీసుకుంటారు. సినిమా పాటల ఆర్కెస్ట్రా అయితే ఆ డ్రమ్ములు పొట్టలోనే తెలుస్తాయి. పద్యనాటకంతోనే వచ్చింది చిక్కంతా. పద్యం అయ్యాక రాగం ఎంతసేపు తీస్తాడో పాడేవాడికే తెలియదు. అది కాగానే జనం వన్స్‌మోర్ అన్నారంటే మళ్లీ మొదటికి. వన్స్‌మోర్ అంటుండగా తెర దించడమంటే, తినేవాడి ముందునుంచి విస్తరి లాగెయ్యడమే.

ఆరేళ్ల కిందట సరిగ్గా ఆ పనే చేశాడు. జనం కుర్చీలు బాదారు. అతను తాగున్నాడని అందరూ అనుకుంటే, జోగారావు ఒక్కడే అసలు సంగతి కనిపెట్టాడు. కొల్లేటి లంకలోంచి హార్మోనియాన్ని గోనెసంచిలో కట్టుకుని బస్సులో వచ్చే బక్కపలచటి పెద్దాయన. ఆట అయ్యాక మహబూబ్‌ని పక్కకు తీసుకెళ్లి తన ఎర్ర రుమాలు చూపించి ఒక ఏర్పాటు చెప్పాడు. హార్మోనియం మీద రుమాలు ఉన్నంతసేపూ తెర లేచే ఉండాలి. తీసి భుజాన వేసుకున్నాడంటే దించాలి.

"నేను రుమాలు తీసేదాకా తాడు వదలకండి, మహబూబు గారూ. ఎవరేవన్నా సరేనండి."

ఆ మాట మీదే ఆరేళ్లూ గడిచాయి. మొన్న గురువారం మాత్రం కమిటీ కార్యదర్శి సుబ్బరాజు గారు వెనకనుంచి మూడుసార్లు పిలిచారట. ముందుకొచ్చి మొహంలోకి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది. మర్నాడు ఒకతను టేపు పట్టుకొచ్చి తెర కొలతలు తీసుకున్నాడు, మోటారు పెడతారట. అప్పటినుంచి మహబూబ్‌కి ముద్ద దిగడం లేదు.

ఇవాళ ఆదివారం, ఆఖరి రోజు, పద్యనాటకం. భీమడోలు, ఏలూరు వెళ్లేవాళ్లు రైలందుకోవాలని ఆట నాలుగింటికే పెట్టారు. మధ్యాహ్నం జోగారావు వచ్చి మేకప్ గదిలో బల్ల మీద కూలబడ్డాడు. చొక్కా అంతా చెమట. జేబులోంచి మాత్ర తీసి నాలుక కింద పెట్టుకున్నాడు. గుల్షన్ తెచ్చిన చేపల పులుసు, అన్నం వైపు కన్నెత్తి చూడలేదు. ఆవిడకి అనుమానం వచ్చి, ఆస్పత్రికి తీసుకెళ్లమని మొగుడికి సైగ చేసింది.

"ఎండనపడి వచ్చాను గదండీ, అంతే. కమిటీ వాళ్లతో అనకండి. కీబోర్డు వాణ్ణి పిలిచేస్తారు" అన్నాడు జోగారావు, పెదాలు కనపడేలా మహబూబ్ వైపు తిరిగి.

మహబూబ్ తలూపాడు. ఆయన్ని ఆస్పత్రికి పంపితే సాయంత్రం రుమాలు తీసేదెవరు? ఆయన ఉంటానన్నందుకు మనసు తేలికపడింది. అలా తేలికపడినందుకు సిగ్గేసింది. సిగ్గుపడుతూనే నోరు మూసుకున్నాడు.

నాటకం మొదలైంది. ఎదుటి వింగ్ దగ్గర, స్టేజీ చివర, జోగారావు కూర్చున్నాడు. మహబూబ్ తాడు బిగించి పట్టుకుని రుమాలు మీదినుంచి చూపు తిప్పలేదు. రెండు రంగాలు సజావుగా దాటాయి. మూడో రంగంలో, రాజ్యం విడిచి పోయే రాజు వేషంలో ఏలూరు బ్యాంకు ఉద్యోగి ఫణికిరణ్ పద్యం ఎత్తుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. జనం లేచి చేతులూపారు. వన్స్‌మోర్. మళ్లీ పాడాడు. మళ్లీ వన్స్‌మోర్.

రుమాలు కదల్లేదు. జోగారావు కుడిచేతి వేళ్లు హార్మోనియం మెట్ల మీదే ఉన్నాయి. గాలి కొట్టే ఎడమ చెయ్యి మాత్రం ఆగిపోయింది. తల గుండె మీదికి వాలింది. కళ్లజోడు ముక్కు చివరికి జారినా సర్దుకోలేదు.

హార్మోనియం ఆగినట్టు హాలంతటికీ వినపడింది. కానీ రాగం మధ్యలో వాయిద్యం ఆపి నటుణ్ణి ఒంటరిగా వదలడం జోగారావుకి అలవాటే. ఇవాళ ఇంకాస్త ఎక్కువ వదిలాడనుకుని జనం మురిసిపోయారు. తబలా అతను కూడా చేతులు ఆపి రాజు వైపే చూస్తున్నాడు. చెవులున్నవాళ్లెవరికీ ఏమీ తెలియలేదు.

కునుకు పట్టిందేమో అనుకున్నాడు మహబూబ్. కళ్లు మూసుకుని రాగం వింటున్నాడేమో. వన్స్‌మోర్ మీద మళ్లీ తెర పడిందంటే రేపీపాటికి గుల్షన్ సామాన్లు రోడ్డు మీద ఉంటాయి. తీయండి, ఒక్కసారి ఆ రుమాలు తీయండి అని లోపల్లోపల బతిమాలుకున్నాడు. మధ్యాహ్నం నాలుక కింద పెట్టుకున్న మాత్ర గుర్తొచ్చింది.

తాడు వదిలేశాడు.

రాజు నోరు తెరిచి ఉండగానే తెర దిగింది. సుబ్బరాజు గారు మెట్లెక్కి పరుగున వచ్చారు. ఆయన మొహం ఎర్రబడింది, పెదాలు గబగబా కదులుతున్నాయి. మహబూబ్ చదవడానికి ప్రయత్నించలేదు.

"నాకు వినపడదండి. ఆరేళ్లయింది. ముందు ఆయన్ని చూడండి" అన్నాడు.

ముందు వరసలోంచి డాక్టరొచ్చి చెయ్యి పట్టుకుని చూశాడు, మెడ దగ్గర చూశాడు. ప్రాణం పోయిందన్నట్టు తల అడ్డంగా ఊపాడు. మధ్యాహ్నమే తీసుకెళ్లి ఉంటే బతికేవాడా అని మహబూబ్ అడగాలనుకున్నాడు. జవాబుకి భయపడి అడగలేదు. ఆయన్ని తీసుకెళ్లారు, జనం కూడా ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

సుబ్బరాజు గారు వెనక్కి వచ్చి అతని ఎదురుగా నిలబడ్డారు. ఈసారి కోపం లేదు. ఒక్కో మాటా విడదీసి, నోరు బాగా తెరిచి అన్నారు, "రేపొచ్చి ఆఫీసులో కనపడండి." ఇకనుంచి అందరూ తనతో ఇలాగే మాట్లాడతారని మహబూబ్‌కి అర్థమైంది.

హాలు ఖాళీ అయింది. గుల్షన్ తలుపు దగ్గర నిలబడి ఉంది. జోగారావు సామాను కట్టి ఊరికి పంపాలని అతను గోనెసంచి తీసుకుని స్టేజీ అవతలికి నడిచాడు. నడుస్తూ, అలవాటుగా, రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. దగ్గరికి వెళ్లాక సంచి విప్పి పట్టుకుని ఆగిపోయాడు.

హార్మోనియం మీద ఎర్ర రుమాలు అలాగే ఉంది, ఎవరూ తీయలేదు.