నాలుగో వంతు

ఆ రోజు పొద్దున్న అసిరమ్మకు ఒంట్లో ఎక్కడా నొప్పి లేదు. అందుకే తనకేదో అయిందని చాలాసేపటి దాకా తోచలేదు. కంచరపాలెంలో రైలు పట్టాల వైపు దిగే సందులో ఆమె టైలరింగు కొట్టు. షట్టరు ఎత్తి, మిషను తుడిచి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి, ముందురోజు మడిచిపెట్టిన ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ బల్ల మీద పరిచింది. ఛాతీ కొలత ముప్పై ఆరు. అందులో నాలుగో వంతు కొలిచి గుర్తు పెట్టాలి. సుద్ద పట్టుకున్న చెయ్యి గుడ్డ మీదకు వెళ్లి అక్కడే ఆగిపోయింది.

ముప్పై ఆరులో నాలుగో వంతు ఎంత?

పెళ్లికి ముందు నుంచీ జాకెట్లు కుడుతున్న మనిషి. ఈ ప్రశ్న తనకు తాను ఏనాడూ వేసుకున్నది కాదు. కొలత చూడగానే పావు వంతు నోట్లోకి దానంతట అదే వచ్చేది. ఇప్పుడు ఆ చోట ఏమీ లేదు. తెలిసిన మనిషి పేరు నాలిక చివర ఆడుతూ పైకి రాకపోవడం వేరు. ఇది అలా లేదు. అసలక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టుంది. వేళ్లు మడిచి చూసుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు దాకా వచ్చింది. తర్వాతి వేలికి ఏ మాట పలకాలో తెలియలేదు.

రాత్రి సరిగా తినలేదు కదా, నీరసం అనుకుంది. టీ తెప్పించుకుని తాగింది. ఫోను తీసి కాలిక్యులేటర్ తెరిచింది. చేపల గంప దగ్గర, కూరగాయల బండి దగ్గర అందరూ నొక్కేది అదే గాని, ఆమెకు మాత్రం దానితో ఎప్పుడూ పనిపడలేదు. మూడు నొక్కింది, ఆరు నొక్కింది. పక్కన వరసగా గుర్తులున్నాయి. అందులో ఏది తనకు కావలసిందో అర్థం కాలేదు. చేతికందినది నొక్కి, నాలుగు నొక్కింది. 144 అని పడింది.

సరే, అదే అయ్యుంటుందని ఆ అంకెలాంటి అంకె కోసం టేపు మీద వెతికింది. అంగుళాల వైపు ఎక్కడా దొరకలేదు. తిరగేసి సెంటీమీటర్ల వైపు చూస్తే చిట్టచివర కనిపించింది. అమ్మయ్య అనుకుని టేపును గుడ్డ మీద పరిచింది. టేపు గుడ్డ దాటింది, బల్ల దాటింది, కిందికి జారి నేల మీద పడింది.

అసిరమ్మ దాన్నే చూస్తూ నిలబడిపోయింది. టేపు నేల మీద పడేంత పొడుగు జాకెట్టు ఉండదని తెలుస్తూనే ఉంది. ఎక్కడ తప్పిందో మాత్రం తెలియడం లేదు. అప్పుడు వేసింది భయం.

ఆమె భర్త చలమయ్య ట్రాలీ ఆటో తోలతాడు. తెల్లవారుజామునే ఫిషింగ్ హార్బరుకి ఐసు దిమ్మలు వేసి, టిఫినుకి కొట్టు దగ్గరికి రావడం అతని అలవాటు. ఇడ్లీ పొట్లం బల్ల మీద పెట్టి భార్య మొహం చూశాడు.

"ఏటే అసిరీ, అలా నిల్సుండిపోనావు?"

"మావా, నాకు లెక్క రాడం నేదు."

"ఏ లెక్క?"

"ఏ లెక్కా రాడం నేదు."

చలమయ్య నవ్వాడు. "పొద్దున్నే పరాసికాలేటి? ఏదీ, నీ ఫోను నంబరు సెప్పు."

అసిరమ్మ నోరు తెరిచింది. "తొమ్మిది..." అని ఆగింది. పెదాలు కదులుతున్నాయి గాని మాట రావడం లేదు. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. చలమయ్య నవ్వు ఆగిపోయింది. ఇడ్లీ పొట్లం అక్కడే వదిలేసి, షట్టరు సగం దించి, ఆమెను ఆటోలో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. సీట్లో ఇంకా ఐసు నీళ్ల తడి ఉంది. పెద్దాసుపత్రి దాకా ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో భార్య చెయ్యి పట్టుకునే తోలాడు.

స్కానింగు చూసి డాక్టరమ్మ వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. "మెదడులో సన్నటి రక్తనాళం ఒకటి మూసుకుంది. వెంటనే తీసుకొచ్చారు, మంచి పని చేశారు. మాట బాగుంది, చెయ్యీ కాలూ బాగున్నాయి. లెక్కలు చూసుకునే చోట మాత్రం దెబ్బ తగిలింది."

"మళ్లీ వత్తాయా అమ్మా?" అని చలమయ్య అడిగాడు.

"చాలామందికి నెమ్మదిగా వస్తాయి. ఎంత వస్తాయన్నది ఇప్పుడే చెప్పలేను. మందులు మానకూడదు. రోజూ కొంచెం కొంచెం సాధన చెయ్యాలి."

చేతులూ కాళ్లూ బాగున్నందుకు దేవుడికి దణ్ణం పెట్టుకోవాలని వార్డులో అందరూ అన్నారు. అసిరమ్మ పెట్టుకుంది కూడా. కానీ మంచం మీద పడుకుని తన చేతులు చూసుకుంటుంటే ఒకటే ఆలోచన. కొలత తెలియని చేతులు గుడ్డనేం చేస్తాయి?

ఇంటికొచ్చాక చలమయ్య జగదాంబ వైపు వెళ్లినప్పుడు ఒక పెద్ద కాలిక్యులేటర్ కొనుక్కొచ్చాడు. కిరాణా కొట్లలో ఉంటుందే, అప్పచ్చుల్లాంటి మీటలతో, అలాంటిది.

"ఇంక నీకు దిగులేటి? ఇదే నీ బుర్ర అనుకో," అన్నాడు.

ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు నొక్కింది. ప్రతిసారీ ఏదో ఒక జవాబు చెబుతూనే ఉంది. అది సరైనదో కాదో అడగడానికి ఎవరూ లేరు. "బుర్ర ఇదైతే, దీనికి ఏటి సెప్పాలో సెప్పే బుర్ర ఏదీ మావా?" అంది చివరికి. చలమయ్య వెళ్లి టీ పెట్టుకొచ్చాడు.

కొట్టు మూసే ఉంది. గుడ్డలిచ్చినవాళ్లు పాపం ఏమీ అనకుండానే వచ్చి తీసుకుపోయారు. ఆది జాకెట్టు ఇచ్చి, దాని మీద పెట్టి కత్తిరించమనే ఒకరిద్దరు ధైర్యం చెప్పారు గాని, ఆమెకే కత్తెర ముట్టుకోవాలంటే భయం. మధ్యాహ్నాలు గుమ్మంలో కూర్చుని చిక్కుడు గింజలు వరస పెట్టి లెక్కపెట్టేది. కొన్ని రోజులు పది దాకా వెళ్లేది. కొన్ని రోజులు మధ్యలోనే గింజలన్నీ కలిపేసి లేచిపోయేది.

అలాంటి ఒక మధ్యాహ్నం కేథరిన్ వచ్చింది.

కేథరిన్ భర్త శుభాకర్ రైల్వేలో పని చేస్తాడు. పట్టాలకి అవతల క్వార్టర్సులో ఉంటారు. కేథరిన్ చర్చి క్వాయరులో పాడుతుంది. రెండేళ్ల కిందట ఆమెకు రొమ్ము క్యాన్సరొచ్చి ఒక పక్క తీసేశారు. ఆ తర్వాత మొదటి జాకెట్టు అసిరమ్మే కుట్టింది. కొట్లో తెర లాగి, కొలత తీసుకుని, లోపల దూది మెత్త పెట్టుకునేందుకు చిన్న సంచీ కుట్టి ఇచ్చింది. అయ్యో అనలేదు, ఎలా జరిగిందని అడగలేదు, వీధిలో ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడు ఈస్టరుకి కేథరిన్ మళ్లీ క్వాయరులో ముందు వరసలో నిలబడింది.

ఇప్పుడు ఆమె చేతిలో గంధం రంగు పట్టు గుడ్డ ఉంది.

"జాక్సన్ పెళ్లి దగ్గరకొచ్చేసింది అక్కా. నువ్వే కుట్టాలి."

జాక్సన్ ఆమె ఒక్కగానొక్క కొడుకు. అసిరమ్మ ఆ గుడ్డను కళ్లతో తడిమి, చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నాకు ఏటయిందో తెల్దా అమ్మా నీకు? పావు కొలత తియ్యడం రాదు నాకు. పాత జాకెట్టు ఉంది కదా, దాన్ని పట్టుకెల్లి ఎవరికైనా ఇయ్యి."

"పాతవేవీ పట్టడం నేదక్కా. మందులకి ఒళ్లొచ్చీసింది. ఇంకో టైలరు దగ్గరికెల్లి తెర ఎనకాల మళ్లీ మొదటి నుంచీ..." కేథరిన్ గుడ్డను అసిరమ్మ ఒళ్లో పెట్టేసింది. "నాను ఎల్లలేను. చీర కొంగు కప్పుకునే కొడుకు పెళ్లికి ఎల్తాను గాని, అది మాత్రం నా వల్ల కాదు."

"గుడ్డ పాడైపోతే?"

"పాడైపోనీ. గుడ్డే కదా."

అసిరమ్మ కొట్టు తాళం చెవి తీసుకుని లేచింది.

కొట్లో దుమ్ము వాసన. తెర లాగి, మేకుకు వేలాడుతున్న టేపు తీసి, కేథరిన్ ఒంటి చుట్టూ తిప్పింది. అంకె చదవగలిగింది. ఆ అంకెను ఏం చెయ్యాలో మాత్రం అప్పటిలాగే తెలియదు. టేపు ఆనిన చోట బొటనవేలితో నొక్కి పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. పోనీ కాలిక్యులేటర్ తెమ్మని కబురు పెట్టనా అనుకుంటూ కిటికీలోంచి బయటికి చూసింది. పట్టాల మీద గూడ్సు ఒకటి బొగ్గుతో మెల్లగా పోతోంది. పెట్టె తర్వాత పెట్టె వస్తూనే ఉంది.

చేతులు ఆమె కోసం ఆగలేదు. బొటనవేలితో పట్టుకున్న కొసను టేపు మొదటి కొసకు ఆనించి సగానికి మడిచాయి. మడిచినదాన్ని మళ్లీ సగానికి మడిచాయి. వంగిన చోట గోటితో నొక్కాయి.

అసిరమ్మ తల దించి చూసింది. చేతిలో పొట్టిగా, నాలుగు పొరలుగా టేపు. చుట్టుకొలతలో నాలుగో వంతు. దాని అంకె ఏమిటో ఆమెకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. గుడ్డ మీద పెడితే సరిపోతుంది.

"అత్తా!" అంది పైకే.

తెర వెనక నుంచి కేథరిన్ కంగారుగా, "ఏటక్కా, ఏటయింది?" అంది.

"ఏటీ కానేదు. మా మేనత్త సన్యాసమ్మ. ఆవిడ దగ్గరే కదా పని నేర్సుకున్నాను. బడికెల్లిన మనిషి కాదు. ఇలాగే మడత పెట్టీది. నాకు అంకెలు బాగా వచ్చినాక మానీసినాను." చెబుతూనే ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. పమిటతో మొహం తుడుచుకుని సుద్ద అందుకుంది.

పట్టు మీద వెంటనే కత్తెర పెట్టే ధైర్యం చెయ్యలేదు. ముందు లైనింగు గుడ్డ పరిచింది. వీపు భాగానికి మడత టేపు పెట్టి గీత గీసి, కుట్టుకు అలవాటుగా వదిలే వెడల్పు రెండు వేళ్లు ఆనించి వదిలింది. భుజానికి సగం కొలతే కావాలి కాబట్టి ఒక్క మడత చాలింది. ముందు భాగం రెండు పక్కలా ఒక్కలా ఉండదు కాబట్టి కేథరిన్‌కి పావు లెక్క ఇదివరకు కూడా పనికొచ్చేది కాదు. పాత న్యూస్ పేపరు ఆమె ఒంటికి ఆనించి, చుట్టూ చించి, అచ్చు తీసుకుంది. ఎడమ పక్కది ఒక ముక్క, కుడి పక్కది ఒక ముక్క. పేపరు ముక్కలు గుడ్డ మీద పెట్టి గుండు సూదులు గుచ్చింది.

కత్తెర మొదటి కోత పడేటప్పుడు ఊపిరి బిగబట్టింది. తర్వాత దాని చప్పుడు ఆమెకు తెలిసిన చప్పుడే.

వదులు కుట్లు వేసి కేథరిన్‌కి తొడిగింది. చంక కింద కొంచెం పట్టింది. అక్కడ విప్పి వదిలింది. మళ్లీ తొడిగింది. కేథరిన్ అద్దం ముందు అటు తిరిగింది, ఇటు తిరిగింది, పాట పాడేటప్పటిలా ఛాతీ నిండా గాలి పీల్చింది. ఎక్కడా లాగలేదు, ఎక్కడా ముడత పడలేదు. ఆమె అసిరమ్మ భుజం మీద తల ఆనించింది.

"పెళ్లిలో కొంగు కప్పుకోకు," అంది అసిరమ్మ. "నాను కుట్టినది నలుగురికీ కనబడాల."

కేథరిన్ ఏడుస్తూనే నవ్వింది.

పట్టు గుడ్డ కత్తిరించడం అయ్యేసరికి చలమయ్య వెతుక్కుంటూ వచ్చాడు. ఇంటికి తాళం చూసి బెదిరిపోయాడట. కొట్టు షట్టరు ఎత్తి ఉండటం, లోపల ఫ్యాను తిరుగుతుండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. బల్ల మీద గంధం రంగు ముక్కలు వరసగా ఉన్నాయి. భార్య నోట్లో గుండు సూది పట్టుకుని వంగి ఉంది.

"అసిరీ, లెక్కలు వచ్చీసినాయేటి?"

ఆమె సూది తీసి, "రానేదు," అంది. "వచ్చినప్పుడు రానీ. తొందరేటుంది?"

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె గొంతులో అంత తేలిక వినడం అతనికి అదే మొదటిసారి. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇన్నాళ్లూ భుజాల మీద మోస్తున్నదేదో దించుకున్నట్టు గోడకు వీపు ఆనించాడు. "అమ్మయ్య," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

కేథరిన్ వెళ్లిపోయింది. సందు చివర డాబాలో ఉండే నిఖిత, షట్టరు ఎత్తి ఉండటం చూసి తొంగిచూసింది. తీసుకుపోయిన ఆకుపచ్చ గుడ్డ మళ్లీ తేనా పిన్నీ అని మొహమాటంగా అడిగింది.

"తే. కానీ నువ్వూ రావాల కొలతకి. తొందరగా మాత్రం ఇయ్యలేను, సెప్తున్నాను."

"ఎప్పుడిచ్చినా పర్లేదు పిన్నీ," అంటూ ఆ పిల్ల పరుగెత్తింది.

అసిరమ్మ మిషను దగ్గర కూర్చుని దారం ఎక్కించింది. ఎక్కిస్తూ ఆగి, భర్త వైపు తిరిగింది.

"మావా, ఆకలేత్తంది. ఏటైనా తెత్తావా?"

చలమయ్య లేచాడు. ఆమె అన్నం ముందు పెట్టుకుని కెలికి లేచిపోతున్న రోజులన్నీ చూసినవాడు. ఏం తేవాలో కూడా అడగలేదు. చెప్పులు వేసుకోవడం మరిచిపోయి సందులోకి వెళ్లి, వేడి వేడి బజ్జీలు రెండు పొట్లాలు కట్టించుకొచ్చాడు. మిషను పక్కకు జరిపి ఇద్దరూ అక్కడే తిన్నారు. పట్టు గుడ్డకు నూనె అంటకుండా ఆమె దాన్ని దూరంగా, ఎత్తు మీద పెట్టింది.