లీటరుకు నాలుగున్నర

డీజిల్ మీద ఒక్క దెబ్బకు ఐదు రూపాయలు పెంచారన్న వార్త టీవీలో చూసి, రామస్వామి పెంచినవాళ్లను నాలుగు తిట్లు తిట్టి, అన్నం తిని పడుకున్నాడు. బడి బస్సు తనది కాదు, అందులో పోసే డీజిలూ తనది కాదు. ఏడవాల్సి వస్తే కొత్తపేటలో స్కూలు నడిపే గంగాధరరావు గారు ఏడవాలి గానీ తోలేవాడెందుకు ఏడవాలి? పందొమ్మిదేళ్లుగా స్టీరింగు పట్టిన మనిషి అంత అమాయకంగా ఆలోచించాడంటే నవ్వొస్తుంది. పైన ఎక్కడ పిడుగు పడ్డా చివరికి కాలేది డ్రైవరు నెత్తే.

వారం తిరక్కుండానే కాలింది. గంగాధరరావు గారి బావమరిది జోగారావు స్కూల్లో బస్సుల వ్యవహారం చూస్తాడు. చూడడమంటే కుర్చీలో కూర్చుని చూడడం. ఆ పెద్దమనిషి ఓ ఉదయం గీట్లు పెట్టిన పొడవాటి వెదురుపుల్ల పట్టుకొచ్చి, ప్రార్థనకు నిలబడ్డ పిల్లలందరి ముందూ బస్సు ట్యాంకులో ముంచి తీశాడు.

"ఆరు కిలోమీటర్లు రావలసిన బండి లీటరుకి నాలుగున్నరే ఇస్తోందేంటయ్యా రామస్వామీ? మిగతాది ఏమైపోతోందో నువ్వే చెప్పాలి మరి!" అన్నాడు. మైకు అక్కర్లేని గొంతు ఆయనది.

పక్కనే ఉన్న గంగాధరరావు గారు అవునూ అనలేదు, కాదూ అనలేదు. "మైలేజీ చూసుకోవాలయ్యా. రేట్లు చూస్తున్నావుగా" అని మాత్రం అన్నారు. బస్సు మైలేజీ జూన్ నుంచే తగ్గుతోంది. ధర పెరిగేదాకా ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

మూడో తరగతి జ్యోతిక వరుసలోంచి తల బయటపెట్టి, "అంకుల్, బస్సుకు జరమొచ్చిందా?" అని అడిగింది. పిల్లలంతా గొల్లుమన్నారు. రామస్వామికి మాత్రం ఒళ్లు మండిపోయింది. ట్యాంకులో పైపు వేసి, నోటితో లాగి, డబ్బాల్లో పట్టి అమ్ముకునే డ్రైవర్లు ఈ లోకంలో లేకపోలేదు. తను ఏనాడూ ఆ పని చేయలేదు. చేయనివాడి ముందు పుల్ల ముంచితే ఎలా ఉంటుందో ముంచినవాడికేం తెలుస్తుంది?

"ఇడిసిపెట్టుండ్రి గా నౌకరి. నల్లగొండ కాడి నుంచి వచ్చింది గీ మాట పడనీకా?" అంది ఇంట్లో భార్య అండాలమ్మ.

"ఇప్పుడు ఇడిసిపెడితే దొరికిపోయి ఉరికిండంటరే. దిల్‌సుఖ్‌నగర్ కాడి నుంచి ఎల్‌బీ నగర్ దాంక ఏ బడోడు నా చేతికి తాళమియ్యడు" అన్నాడు రామస్వామి. ఆ మాట నిజమే. డ్రైవరు బతుకంతా పేరు మీద నడుస్తుంది. పేరు పోయినవాడికి లైసెన్సు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

మర్నాడు నేరుగా గంగాధరరావు గారి గదిలోకి వెళ్లి నిలబడ్డాడు. "సార్, ఒక్కరోజు నా పక్కన కూసోండ్రి. డీజిల్ ఏడికి పోతున్నదో మీ కండ్లతోని మీరే సూడుండ్రి" అన్నాడు. ఆయన కాస్త ఇబ్బందిపడి, సరేనన్నారు.

మంగళవారం పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ బంకులో ట్యాంకు నిండా పోయించి బయల్దేరారు. గంగాధరరావు గారు ఇస్త్రీ చొక్కాతో ముందు సీట్లో, ఆయా లచ్చమ్మ వెనక తలుపు దగ్గర. బంకు దాటకముందే ఆయన పేపరు మడిచి పాఠం మొదలుపెట్టారు.

"బ్యారెల్ నూటపది డాలర్లు దాటిందయ్యా. ఆ డాలర్ కొందామంటే మన రూపాయికి ఓపిక లేదు. నూనె కంపెనీలు మునిగిపోతున్నాయని ఢిల్లీ వాళ్లు ఐదు పెంచారు. ఇక్కడి పన్నేమో శాతం లెక్క, ధరతో పాటు అదీ పెరుగుతుంది. ఎవరినని తిడతాం చెప్పు?"

"గా అరబ్బు దేశాల ముచ్చట నాకు తెల్వది సార్. మన గల్లీల ముచ్చట తెలుసు. జర గట్టిగ పట్టుకోండ్రి."

చైతన్యపురిలో మొదటి సందు తిరగగానే వినాయకుడు ఎదురయ్యాడు. రోడ్డుకు అడ్డంగా పందిరి, పందిరి ముందు కుర్చీలు, కుర్చీల్లో ఎవరూ లేరు. లచ్చమ్మ దిగి "రానీ... రానీ... ఆపు!" అని అరుస్తుంటే రామస్వామి సందు మొత్తం వెనక్కి తోలాడు. రెండో సందులో ఇంకో వినాయకుడు. తా దూర సందు లేదు మెడకో డోలు అన్నట్టు, స్కూటరు పట్టని చోటికి నలభై సీట్ల బస్సును పంపిన మహానుభావుడెవరో రామస్వామికి తెలుసు. జూన్‌లో ఎదుటి స్కూలువాళ్లు ఫీజు తగ్గించారని, గంగాధరరావు గారు కరపత్రాలు వేయించి ఇంటింటికీ పంచారు. "మీ గుమ్మం ముందే మా బస్సు" అని పైన ఎర్రక్షరాలు. అడ్మిషన్లు వచ్చాయి. వాటితో పాటు గుమ్మాలూ వచ్చాయి.

మూడో సందు చివర కార్తీక్ ఇల్లు. వాడింకా ఉప్మా తింటున్నాడు. వాళ్లమ్మ సీతామహాలక్ష్మి గేటులోంచి "ఒక్క నిమిషం!" అంది. ఆ నిమిషం ఆరు నిమిషాలు సాగింది. బస్సులో యజమానిని చూడగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"అయ్యో, మీరే వచ్చారేంటండీ! మంచిదైంది. మా చెల్లెలి కూతుర్ని కూడా మీ స్కూల్లోనే చేర్చాంగా, పాపం పక్క వీధి నుంచి ఇక్కడిదాకా నడిచొస్తోంది. బస్సు అటు కూడా ఓసారి తిప్పిస్తారా?"

"అలాగేనమ్మా, దానిదేముంది!" అన్నారు గంగాధరరావు గారు.

రామస్వామి అద్దంలోంచి చూశాడు. ఆయన అటు తిరిగి కూర్చున్నారు.

మీర్‌పేట్‌లో రమ్య వాళ్లమ్మ ఎదురొచ్చింది. "సార్, ఎండకు మా పోరి సొమ్మసిల్లుతున్నది. బండిని జర గా నీళ్ల ట్యాంకు దాంక పంపుండ్రి" అంది. "అలాగేనమ్మా." ఇంకో కాలనీలో ఇంకొకావిడ, ఇంకో "అలాగేనమ్మా". డీజిల్ ఎక్కడికి పోతోందో చూడ్డానికి బస్సెక్కిన మనిషి మూడు సందులు కొత్తగా తగిలించాడు! శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డదని ఊరికే అన్నారా? రామస్వామికి నవ్వాలో, స్టీరింగుకు తల బాదుకోవాలో తెలియలేదు. గేరు మాత్రం కాస్త గట్టిగానే మార్చాడు.

తిరుగుదారిలో ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రాస్తారోకో. జెండాలు, డప్పులు, రోడ్డు మీదే వంట. ప్రత్యేక రాష్ట్రం కోసం నెలాఖరున జరగబోయే మార్చ్‌కి అందరూ రావాలని మైకులో పిలుస్తున్నారు. బస్సుకు ముందు వంద బండ్లు, వెనక వంద బండ్లు. రామస్వామి ఇంజన్ ఆపబోయాడు.

"ఆపకు, ఆపకు!" గంగాధరరావు గారు కిటికీ అద్దం మూసేస్తూ అన్నారు. ఆయనది తెనాలి వైపు. ఈ ఊళ్లో ఇరవై ఏళ్లుగా ఉన్నా, ఆ చౌరస్తాలో నోరు విప్పితే తన మాట తీరు ఎవరైనా పట్టేస్తారని ఆయన భయం. "దారి ఇవ్వగానే పోదాం. స్టార్టింగ్‌లోనే ఉంచు."

"వాళ్లు మనోళ్లే సార్, పిల్లల బండిని ఏమనరు. డీజిల్ కాలుతది."

"కాలనీవయ్యా!"

ముప్పావుగంట కాలింది. చివరికి రామస్వామే దిగి, డప్పు వాయిస్తున్న కుర్రాళ్లకు దండం పెట్టి, చిన్నపిల్లలున్నారని చెప్పాడు. వాళ్లు రోడ్డుకు అడ్డంగా కట్టిన తాడు ఎత్తి, పిల్లలకు తలా ఒక అరటిపండు ఇచ్చి, బస్సును పంపారు. గంగాధరరావు గారికీ ఒక పండు ఇచ్చారు. ఆయన మాట్లాడకుండా తీసుకున్నారు.

స్కూలు గేటు దగ్గర జోగారావు పుల్లతో సిద్ధంగా ఉన్నాడు. పిల్లలు దిగగానే ముంచాడు, తీశాడు, గీట్లు చూశాడు, వేళ్ల మీద లెక్క వేశాడు. ముఖం పాలిపోయింది.

"బావగారూ... నాలుగున్నర కూడా రాలేదండీ. నాలుగే వచ్చింది."

వరండాలో ఇద్దరు టీచర్లు, మెట్ల మీద లచ్చమ్మ. గంగాధరరావు గారి ఇస్త్రీ చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. "సర్లే, ఊరు అలా తగలడింది, ధరలు అలా తగలడ్డాయి. ఏం చేస్తాం!" అంటూ ఆయన గదివైపు నడవబోయారు.

"సార్, ఒక్క మాట చెప్పి పోండ్రి." రామస్వామి డ్రైవరు సీటులోంచి దిగలేదు.

"ఏంటయ్యా?"

"నేను దొంగను కాదని చెప్పుండ్రి. జోగారావు సార్ ఇనాలె, లచ్చమ్మ ఇనాలె, గా టీచరమ్మలు ఇనాలె."

గంగాధరరావు గారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "నిన్ను దొంగని ఎవరన్నారు? నేనన్నానా ఎప్పుడైనా?"

"అనలే సార్. అన్నరంటే కాదని కొట్లాడేటోణ్ని. అనని మాటతోని ఎట్ల కొట్లాడాలె? పిల్లల ముంగట పుల్ల ముంచిన కాడి నుంచి తిన్నది ఒంటికి పడ్తలేదు నాకు." ఇన్నాళ్లూ కోపమనుకున్నది అసలు కోపం కాదని, ఏడుపని రామస్వామికి అప్పుడే తెలిసింది.

గంగాధరరావు గారు చుట్టూ చూశారు. జోగారావు పుల్ల వీపు వెనక్కి దాచుకున్నాడు. గంగాధరరావు గారు రెండడుగులు వెనక్కి వచ్చి, డ్రైవరు కిటికీ దగ్గర తల వంచి, ఎవరికీ వినిపించనంత మెల్లగా అన్నారు.

"నువ్వు దొంగవి కాదయ్యా."

"ఇనవడలే సార్" అన్నాడు రామస్వామి.

ఇంజన్ ఎప్పుడో ఆగిపోయింది. గంగాధరరావు గారు ఒకసారి కళ్లు మూసుకుని, తల ఎత్తారు. ఆయన రెండోసారి అన్నప్పుడు మాట మేడ మీద ఐదో తరగతి దాకా వినిపించింది. అక్కడ పాఠం ఆగిపోయి, పిల్లలు కిటికీల్లోకి వచ్చారు.