పద్నాలుగు పాయింట్ల పాస్

“ఇవాళ ఆయన ఆటకు రాకపోతే?” అంది దుప్పట్లమ్మ.

ఇస్త్రీ బల్ల దగ్గరున్న అక్క తలెత్తలేదు. “రాకపోతే నీకో సాయంత్రం మిగులుతుంది. ముందు ఆ కొస పట్టుకో.”

ఇద్దరూ దుప్పటి విదిలించి పరిచారు. ఆసుపత్రి బట్టల గదిలో ఇరవై రెండేళ్లుగా ఆమె పని ఇదే. ఉతికొచ్చిన ప్రతి దుప్పటినీ తలవైపు నుంచి కాళ్లవైపు దాకా అరచేత్తో నిమురుతుంది. చిరుగుంటే వేలికి తగులుతుంది. ఎవరైనా మరిచిపోయిన సూది ఉంటే గుచ్చుకుంటుంది. ఒకసారి నిమిరితే చాలు. ఆమె రెండుసార్లు నిమురుతుంది. కీడెంచి మేలెంచమన్నారు గదా అంటుంది. మేలెంచేదాకా ఆమె ఎప్పుడూ వెళ్లలేదంటుంది అక్క.

“వారం నుంచీ ఇదే పాట. ఏదో మాట అనేశావు. తప్పయిందని చెప్పెయ్.”

“అందరి ముందూ అన్నానక్కా.”

“అయితే అందరి ముందే చెప్పు.”

దుప్పట్లమ్మ మూలలు కలిపి మడతపెట్టింది. చెవులు వేడెక్కాయి. వారం రోజులుగా ఆ మాట గుర్తొస్తే చాలు, చెవులే ముందు కాలుతున్నాయి.

పదేళ్ల కిందట గ్రంథాలయం మేడమీది గదిలో కర్టెన్లు కుట్టడానికి వెళ్లింది. అక్కడ బ్రిడ్జి ఆడేవాళ్లకు ఆ రోజు ఒక చెయ్యి తక్కువైంది. “ఊరికే ముక్కలు పట్టుకో తల్లీ, మిగతాది నేను చెబుతాను” అని కూర్చోబెట్టాడు గడియారాలాయన. వాచీలు బాగుచేసే మనిషి. అప్పట్నుంచీ వారానికో సాయంత్రం ఆయనే ఆమె జోడీ. ఆమె ఎన్ని తప్పులాడినా ఆయన గొంతు పెంచలేదు. ఇంట్లో కట్టుకున్నవాడు కూడా అంత ఓపిక పట్టలేదు.

ఆయన ఎంత నేర్పినా ఆమెకు కొరుకుడుపడనిది ఒక్కటే. దాన్ని వాళ్లు గోడ అంటారు. చేతిలో బలం లేకపోయినా ఒకే రంగువి ఏడు ముక్కలుంటే చాలు, అవతలివాళ్లు, వేలంపాటలా సాగే పిలుపును ఒకటితో కాక ఏకంగా మూడుతో మొదలుపెడతారు. ఇక మనకు చిన్నగా మాట్లాడే చోటుండదు. దూకాలి, లేదా నోరు మూసుకోవాలి. “గోడ కనబడగానే పది అంకెలు లెక్కపెట్టు. ముక్కలు మంచివైనా, చెత్తవైనా పదే. ఆ తర్వాత ఏదో ఒకటి తేల్చెయ్” అనేవాడాయన.

పోయిన వారం ఎదురు జట్టులోని పళ్ల డాక్టరమ్మ మూడు ఇస్పేట్లు పిలిచింది. దుప్పట్లమ్మ చేతిలో పెద్ద ముక్కలకు పద్నాలుగు పాయింట్లు, అంటే మంచి బలం; ఇస్పేటు ఒక్కటే. ‘నాకు బలముంది, నీ రంగు పిలువు’ అని జోడీకి చెప్పే ఎర్ర డబుల్ చీటీ పెట్టాల్సిన చెయ్యి, చిన్నపిల్లయినా పెడుతుంది. ఆమె పది దాటి నలభై దాకా లెక్కపెట్టింది. ఎర్ర చీటీ మీద వేలు పెట్టింది, తీసింది. దూకితే పడిపోతామేమో. తన మూలంగా ఆయన నలుగురిలో ఓడిపోతాడేమో. భర్తకు జ్వరం వచ్చినప్పుడూ, డాక్టరుకు చూపించాలా వద్దా అని ఇలాగే మూడు రోజులు ఆలోచించింది. చివరికి పిలుపు వదులుకునే ఆకుపచ్చ పాస్ చీటీ బల్లమీద పెట్టింది. గడియారాలాయన కూడా పాసన్నాడు. ముక్కలు తిరగేస్తే ఆట తమదే. నాలుగు ఆఠీన్లు కళ్లు మూసుకుని గెలవచ్చు.

“కళ్లు కనబడ్డం లేదా మీకు? ఇంత పిరికివాళ్లకి పేకెందుకు?”

ఆ మాటలు తన నోటినుంచే వచ్చాయి. ఆయన ముక్కలు సర్దుకున్నాడు, అంతే.

ఆటకు పెద్దగా ఉండే డ్రిల్లు టీచరు మెట్లమీద ఆమెను ఆపింది. “నిమిషంసేపు తల పట్టుక్కూచున్నావు. నీ దగ్గర బలముందని గదంతా తెలిసిపోయింది. అలా నీ ఆలస్యంవల్ల తెలిసినదాంతో ఆయన పిలిస్తే ఆటలో దొంగతనం కాదూ? నువ్వే ఆయన చేతులు కట్టేసి, ఈదలేదని తిడతావేంటమ్మా!”

సాయంత్రం గడియారాలాయన వచ్చాడు. ఎప్పటిలాగే ఆమెకు ఎదురుగా కూర్చుని, “నీ కూతురు కులాసాయేనా?” అన్నాడు. ఉదయం నుంచి కూర్చుకున్న క్షమాపణ పక్కనపెట్టి, ఆమె ముక్కలు అందుకుంటూ “ఆఁ” అంది.

అయిదో ఆటలో డాక్టరమ్మ మూడు కళావర్లు పిలిచి, “గోడ కట్టాను. ఎక్కుతారో, నీడలో కూర్చుంటారో మీ ఇష్టం” అని నవ్వింది. దుప్పట్లమ్మ పది లెక్కపెట్టింది. కళావరు ఒక్కటే, పదిహేను పాయింట్లు. పదకొండో అంకె రాకముందే ఎర్ర చీటీ పెట్టింది. ఆయన నాలుగు ఇస్పేట్లకు దూకాడు. ఆమె తన ముక్కలు బల్లమీద పరిచేసింది. ఇక తమ వైపు ఆడేది ఆయనొక్కడే.

నలుగురూ తలో ముక్కా వేస్తే ఒక పట్టు; నాలుగో పట్టులో ఆఠీన్ తిరుగుతుంటే ఆయన డైమన్ వేశాడు. పొరపాటేమోనని అడిగే హక్కు జోడీగా దుప్పట్లమ్మకుంది. అడగలేకపోయింది.

“బాబాయిగారూ, ఆఠీన్లు అయిపోయాయా?” అంది డాక్టరమ్మ మెల్లగా.

ఆయన ముక్కల్ని ముక్కుదాకా తెచ్చుకుని చూశాడు. డైమన్ వెనక్కి తీసుకుని ఆఠీన్ వేశాడు. అప్పటిదాకా వేసుకున్న లెక్క తప్పి, ఆట ఒక్క పట్టులో పోయింది.

“పిలుపు బాగుంది తల్లీ. ఓడించింది నేను” అన్నాడు. తర్వాత బల్లకంతటికీ చెబుతున్నట్టు, “ఎర్రవి రెండూ ఒకేలా ఉంటున్నాయి. పదిరోజుల కిందటే దుకాణం మూసేశాను. రేపు చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతున్నా. ఇక అక్కడే” అన్నాడు.

ఎవరో కుర్చీ జరిపారు. డాక్టరమ్మ ఆయన చేతిమీద చెయ్యి వేసింది. ఒక్కొక్కరే వీడ్కోలు చెప్పి దిగిపోయారు.

గదిలో ఇద్దరే మిగిలారు. దుప్పట్లమ్మకు లోపల ఎక్కడో కాస్త తేలికయింది. కళ్లు! అయితే ఆ రోజూ ఆయనకు ముక్కలు కనబడి ఉండవు. తన ఆలోచన వల్ల కాదు, తన నలభై అంకెల వల్ల కాదు. ఎదుటిమనిషి చూపు పోతుంటే తనకు తేలిగ్గా ఉందని తెలిసి, తలెత్తలేకపోయింది. అయినా అడిగింది.

“తప్పయిపోయింది బాబాయిగారూ. అంత మాట అనకూడదు... ఆ రోజు కూడా కళ్లు కనబడకే పాసన్నారు కదూ?”

ఆయన ముక్కలన్నీ దగ్గరికి చేర్చాడు. బల్లకేసి తట్టి అంచులు సమం చేశాడు. పెట్టెలో పెట్టి మూత వేశాడు. చేతికర్ర అందుకుని తలుపుదాకా వెళ్లాడు. ఒక్క అబద్ధం చాలు, ఆమె బతికిపోతుంది. అది ఆయనకూ తెలుసు. గడప దగ్గర ఆగాడు.

“ఆ రోజు వెలుతురు బాగానే ఉంది తల్లీ” అన్నాడు చివరికి. “కనబడ్డాయి. అయిదు ఆఠీన్లు, రెండు ఆసులు.”

కర్ర చప్పుడు ఒక్కో మెట్టే దిగిపోయింది. ఆయన కుర్చీలో, ఇంటినుంచి తెచ్చుకునే పల్చటి దిండు ఉండిపోయింది. నడుమ గుంటపడి, ఒక మూల కుట్టు ఊడి, అందులోంచి కాస్త దూది బయటికి వచ్చి ఉంది.