రేవులో గంట

"లేపమ్మా," అన్నారు కాశీవిశ్వనాథం గారు.

"నేను లేపనండి. మీరే లెగాలి," అంది దుర్గాభవాని.

పొద్దున్న ఎనిమిదైంది. మంచం అంచున ఆయన, ఎదురుగా ముక్కాలిపీట మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆవిడ. ఆయనకి డెబ్బై రెండేళ్ళు, పక్షవాతం వచ్చి పది నెలలు. ఎడమచెయ్యి మడతపడి రొమ్ముకి అతుక్కుపోయింది. మూతి ఓ పక్కకి ఒరిగింది గాని, దాని మీద మీసం మాత్రం ఎవరి మాటా విననట్టు తిన్నగా ఉంది. ఆ మీసం కింద ఆయన పళ్ళు కొరుకుతున్నారు. కోపం వస్తే ఈయన కాళ్ళలోకి బలం వస్తుందని భవాని మొదటి వారంలోనే కనిపెట్టింది. అందుకే రోజూ పొద్దున్నే కాస్త కోపం తెప్పిస్తుంది.

"పాదాలు వెనక్కి లాగండి. ముందుకి వంగండి. ముక్కు బొటనవేళ్ళ మీదకి రావాలండి. ఆయ్, అదీ. ఇప్పుడు లెగండి."

రెండుసార్లు లేవబోయి మంచం మీదే చతికిలబడ్డారు. మూడోసారి మోకాళ్ళు వణుకుతుండగా నిలబడ్డారు. జారుతున్న పంచెని భవాని సవరించలేదు, గోడకి ఆనించిన కర్రా అందించలేదు. కుడిచేత్తో పంచె ఆయనే దోపుకున్నారు, కర్ర ఆయనే తీసుకున్నారు. గుమ్మంలోంచి చూస్తున్న కోడలు హారికకి ప్రాణం ఉసూరుమంది. "అయ్యో మావయ్యగారండీ" అంటూ ఓ అడుగు వేసి, భవాని చూపు చూసి ఆగిపోయింది.

"గంటేదీ?" అన్నారాయన, పెరటి గుమ్మం వైపు తిరిగి.

"రేవులో కట్టేనండి."

ఆయన మొహం ఎర్రబడింది. మంచిదే అనుకుంది భవాని.

ఆ గంట సంగతి కాస్త చెప్పాలి. ఇత్తడిది. ఒకప్పుడు ఈ ఇంటి ఎద్దు మెళ్ళో ఉండేది. ఎడ్లు పోయి, ట్రాక్టరు వచ్చి పాతికేళ్ళయినా గంట మాత్రం అటక మీద ఉండిపోయింది. తండ్రికి మాట పడిపోగానే కొడుకు శివనాగరాజు దాన్ని దింపి, తోమించి, మంచం తలాపున కట్టాడు. నాన్నగారికి ఏం కావాలన్నా గంట కొడితే చాలు. మంచినీళ్ళకి కొడితే భార్య బుచ్చమ్మ గారు గ్లాసు నోటికి అందించేవారు. దోమ వాలిందని కొడితే కోడలు విసనకర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చేది. కొడుకైతే రొయ్యల చెరువు దగ్గర్నుంచి వేళకి వచ్చి తన చేత్తో ముద్దలు కలిపి పెట్టేవాడు. "మీరు కదలకండి, మీరు కదలకండి" అని ఇల్లంతా ఒకటే పాట. కోనసీమ మర్యాద తెలియనిదేముంది! ఇంటికొచ్చినవాణ్ణే కుర్చీలోంచి లేవనివ్వరు, ఇంక ఇంటి పెద్దని లేవనిస్తారా? ఆ కాలికి పావురం నెత్తురు రాశారు, ఊరూరా తిరిగి నూనెలు తెచ్చారు, ఎవరేది చెబితే అది చేశారు. ఆ కాలు నేల మీద పెట్టండని మాత్రం ఒక్కరూ అనలేదు. ప్రేమతోనే సుమండీ! ఆ ప్రేమకి ఏడు నెలల్లో బాగున్న కాలు కూడా పుల్లలా సన్నబడింది.

మూడు నెలల కిందట కాలేజీ తరఫున వ్యాయామం చేయించడానికి భవాని వచ్చి, మొదటిరోజే మంచానికున్న గంట విప్పి కిటికీకి కట్టింది. పది రోజులకి వసారా స్తంభానికి, ఆ తరవాత పెరటి గుమ్మానికి. మంచినీళ్ళు కావాలంటే గంట కొట్టాలి, గంట కొట్టాలంటే నడవాలి. ఇంట్లో పెద్ద గొడవే అయింది. "మా ఆయన్ని ఎద్దుని చేసి ఆడిస్తున్నావే" అని బుచ్చమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. ఏడిస్తే ఏడవనీ అనుకుంది భవాని.

ఇంత మొండిది ఎక్కణ్ణించి వచ్చిందంటారా? ఎక్కణ్ణించో కాదు, ఈ పెరట్లోంచే. వాళ్ళమ్మ వీరాయమ్మ ముప్ఫై ఏళ్ళు ఇక్కడే గునపం మీద కొబ్బరికాయలు వొలిచింది. కూతురు ఇరవై నాలుగో ఏట కువైట్ వెళ్ళింది, ఓ ముసలావిడని చూసుకునే పనికి. మూడేళ్ళు ఆ ముసలావిడని పువ్వులా ఎత్తింది, పువ్వులా దింపింది. మంచి పిల్ల దొరికిందని ఆ ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. ఓ రోజు భుజాన చిన్న సంచీ వేసుకుని ఓ ఫిజియోథెరపీ ఆవిడ వచ్చింది. నలభై రోజుల్లో ముసలావిడని నిలబెట్టేసింది. వెళ్తూ వెళ్తూ భవానితో, ఈవిడ కాళ్ళు తీసింది రోగం కాదు, నువ్వు, అని చెప్పి పోయింది. తిట్టు అయితే మర్చిపోయేదే. నిజం కాబట్టి మర్చిపోలేదు. ఆరేళ్ళు పూర్తిచేసుకొచ్చి, ఓపెన్ స్కూల్లో ఇంటర్ రాసి, ముప్ఫై ఒకటో ఏట అమలాపురంలో ఫిజియోథెరపీ డిగ్రీలో చేరింది. క్లాసులో పిల్లలు ఆంటీ అన్నారు. ఊళ్ళోవాళ్ళు, ముసలాళ్ళ కాళ్ళు పిసకడానికి కూడా డిగ్రీయా అన్నారు. ఆటో నడిపే మొగుడు గంగబాబు మాత్రం, "మా ఆవిడ చదువు అయ్యేసరికి నా మోకాళ్ళు అరిగిపోతాయిరా, మొదటి పేషెంటుని నేనే" అని స్టాండంతా చెప్పుకుని నవ్వాడు. ఎవరేమన్నా ఆవిడ పుస్తకం మూయలేదు.

ఇవాళ్టితో ఇంటర్న్‌షిప్ ఆఖరు. మధ్యాహ్నం కాలేజీలో, బయట్నుంచి వచ్చే ఎగ్జామినర్ ముందు ఈయన కేసు చెప్పాలి. ఆవిడ గుండెల్లో గుబులు దాని గురించి కాదు. రేపట్నుంచి తను ఇక్కడికి రాదు. గుమ్మం దాటించకుండా ఈయన్ని వదిలేస్తే ఎల్లుండికల్లా గంట మళ్ళీ మంచానికి చేరుతుంది, దాని వెనకే ఈయనా చేరతారు. శివనాగరాజేమో ఖరాఖండిగా చెప్పాడు.

"గుమ్మం మాత్రం దాటించకండి భవాని గారూ. పెరట్లో పడితే నలుగురూ నన్నంటారండి, తండ్రిని చూసుకోలేకపోయేడని."

కోపంగానే అన్నాడు. అండీ మాత్రం వదల్లేదు.

భవాని ఆయన బీపీ చూసింది, కాగితం మీద రాసింది. తువ్వాలు ఆయన నడుం చుట్టూ తిప్పి, కొసలు వెనకనుంచి వదులుగా పట్టుకుంది.

"రేవుకి వెళ్దామా, మానేద్దామాండి? మీ ఇష్టం."

ఆయన కర్ర ముందుకి వేశారు.

కర్ర, ఎడమకాలు, కుడికాలు. ఎడమపాదం పూర్తిగా లేవదు, బొటనవేలు నేలని గీసుకుంటూ వస్తుంది. గది అయింది, వసారా అయింది. పెరటి గుమ్మం దగ్గర ఆగి గడప వైపు చూశారు.

"దిగేటప్పుడు చెడ్డకాలు ముందండి," అంది భవాని.

ముందు కర్ర దిగింది, తరవాత చెడ్డకాలు. పది నెలల తరవాత ఆ పాదానికి మట్టి తగిలింది. ఆయన ఓ క్షణం ఆగి వేళ్ళు కదపబోయారు. బొటనవేలు ఒక్కటీ కాస్త కదిలింది.

కొబ్బరి డొక్కల పోగు దాటుతుంటే కోడిపెట్ట ఒకటి అడ్డంగా పరిగెత్తింది. ఆయన తూలారు. హారిక కెవ్వుమంది. భవాని తువ్వాలు కొసలు బిగించింది గాని లాగలేదు. ఆయన కర్ర నొక్కిపట్టి నిలదొక్కుకున్నారు. చెమట మీసంలోంచి కారింది.

"పడితే?" అన్నారు రొప్పుతూ.

"పడితే ఎలా లెగాలో మొన్న నేర్పేను కదండీ."

ఆయన నవ్వారో, తిట్టుకున్నారో ఆ వంకర మూతిలో తెలియలేదు. మళ్ళీ కర్ర వేశారు. ముప్ఫై ఒకటి, ముప్ఫై రెండు. భవాని మనసులో అడుగులు లెక్కపెడుతోంది. నలభై ఆరో అడుగుకి రేవు వచ్చింది. కాలువ నిండుగా ఉంది. మెట్ల మీదకి వాలిన జామకొమ్మకి గంట వేలాడుతోంది. అందుకోవాలంటే కర్ర వదలాలి, ఉన్నది ఒక్కటే చెయ్యి. ఆయన కర్రని చెట్టుకి ఆనించారు. రెండు కాళ్ళ మీద, ఏ ఆసరా లేకుండా నిలబడి, తాడు పట్టుకుని కొట్టారు. ఒకసారి కాదు, చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టారు.

వంటింట్లోంచి బుచ్చమ్మ గారు గరిటె చేత్తోనే పరిగెత్తుకొచ్చారు. గుమ్మంలో ఆయన్ని చూడబోయి, లేకపోయేసరికి పెరటంతా వెతుక్కుని, రేవులో చూసి నిలబడిపోయారు.

"నీళ్ళు," అన్నారాయన దర్జాగా. "మంచినీళ్ళు... పట్రా."

ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. భవానికి కళ్ళు చెమర్చాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"మీ అమ్మ... ఇక్కడే... వొలిచేది," అన్నారాయన, చెట్టు మొదలు వైపు చూస్తూ.

"ఆయ్, ఇక్కడేనండి."

"నడుం... పోయింది దానికి. మేమెవరమూ... పట్టించుకోలేదు."

భవానికి అనడానికి చాలా ఉంది గాని, ఆ మాట ఆయన నోట రావడమే ఎక్కువ అనిపించింది.

అంతలో చెరువు దగ్గర్నుంచి శివనాగరాజు వచ్చాడు. బండి స్టాండు కూడా వెయ్యకుండా పరిగెత్తుకొచ్చి, తండ్రిని రెండు చేతులా ఎత్తుకోబోయాడు. కాశీవిశ్వనాథం గారు కర్ర అందుకుని కొడుకుకి అడ్డంగా పెట్టారు.

"ముట్టుకోకు."

పది నెలల్లో అంత స్పష్టంగా ఆయన నోటి నుంచి వచ్చిన మాట అదే. ఎలా వచ్చారో అలాగే తిరిగి నడిచారు. కొడుకు చేతులు చాచుకునే వెనక నడిచాడు.

మళ్ళీ బీపీ చూసి, రాసి, భవాని సంచీ సర్దుకుంది. హారిక గంట విప్పబోతే వద్దంది.

"ఉండనివ్వండి. రేపు మళ్ళీ ఆయనే వచ్చి కొట్టుకుంటారు."

కాలేజీలో తన పేరు పిలవడం కోసం వరండాలో కూర్చుని ఉండగా, రెండున్నరకి ఫోన్ మోగింది. హారిక.

"మావయ్యగారు భోంచేసేరండీ. ఇవాళ ఆయన చేత్తోనే తిన్నారండీ. పడుకున్నారు. కాఫీకి లేపితే లేవలేదండీ..."

డాక్టరు వచ్చి చూశాడట. మళ్ళీ స్ట్రోక్, నిద్దర్లోనే అన్నాడట. భవాని ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. ఎదర గోడ మీద వెన్నెముక బొమ్మ ఉంది. దాని ఎముకలు పైనుంచి కిందకి, కిందనుంచి పైకి చూస్తూ ఉండిపోయింది. నేనే చంపానా అనుకుంది. పొద్దున రాసుకున్న కాగితం తీసి అంకెలు మళ్ళీ చూసుకుంది. ముందూ సరిగానే ఉన్నాయి, తరవాతా సరిగానే ఉన్నాయి. అయినా ఇంకోసారి మొదట్నుంచీ చూసింది.

సంగతి తెలిసి లెక్చరర్ సురేంద్ర గారు బయటికొచ్చారు.

"ఆ కేసు వదిలెయ్యమ్మా. మోకాళ్ళ నొప్పులావిడది ఉందిగా, అది చెప్పు. పోయినాయన కేసంటే ఎగ్జామినర్ గారు సవాలక్ష ప్రశ్నలు వేస్తారు."

"వెయ్యనివ్వండి సార్. పొద్దున నడిచిన మనిషిని మధ్యాహ్నానికి నేను దాచెయ్యలేనండి."

లోపలికి వెళ్ళి అంతా చెప్పింది. పావురం నెత్తురు, గంట, గడప, నలభై ఆరడుగులు. మధ్యాహ్నం ఆయన పోయారని కూడా చెప్పింది. ఎగ్జామినర్ కళ్ళద్దాలు తీశారు.

"నడిపించకపోతే బతికుండేవారేమో?"

"తెలీదండి. మళ్ళీ స్ట్రోక్ ఎప్పుడైనా రావచ్చని డాక్టరు గారు మొదటే రాసేరండి. నడిపించకపోతే ఎలా ఉండేవారో మాత్రం తెలుసండి. ఏడు నెలలు అలాగే ఉన్నారు."

ఆయన ఏదో రాసుకున్నారు. ఎన్ని మార్కులో ఆవిడ తొంగి చూడలేదు.

బయట గంగబాబు ఆటోలో ఉన్నాడు. "ఆ ఇంటికి వెళ్ళకపోతే మంచిదేమోనే. అక్కడ అందరూ నీ మీద మండిపడుతున్నారంట," అన్నాడు.

"నడిపించింది నేను. నేను మొహం చాటేస్తే ఆయన నడవడమే తప్పన్నట్టు అయిపోద్ది. పోనీ ఆటో."

అల్లవరం రోడ్డు దిగి ఇల్లు చేరేసరికి ఇంకా వెలుగుంది. వాకిట్లో కుర్చీలు వేసి ఉన్నాయి. వసారాలో ఆయన్ని పడుకోబెట్టారు. మీసం తిన్నగానే ఉంది. "నడిపించి నడిపించి మనిషిని తినేసింది" అని ఎవరో వినబడేలాగే అన్నారు. భవాని తల దించలేదు. తిన్నగా వెళ్ళి ఆయన పాదాలకి దణ్ణం పెట్టింది. ఎడమ బొటనవేలి గోరులో మట్టి అలాగే ఉంది.

శివనాగరాజు ఎదురొచ్చాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"గుమ్మం దాటించొద్దన్నానా లేదాండీ?"

"అన్నారండి. నేనే దాటించేను. మీరు నన్నేమన్నా పడతాను. తప్పు చేసేనని మాత్రం అననండి."

అతను నోరు తెరిచేలోగా ఆయన పక్కనుంచి బుచ్చమ్మ గారు లేచారు.

"దాన్నేమీ అనకురా. పొద్దున ఆయన రేవులోంచి గంట కొడితే పొయ్యి దగ్గర్నుంచి పరిగెత్తేను. యాభై ఏళ్ళ కాపరంలో ఆయన పిలిస్తే అంత ఇష్టంగా ఎప్పుడూ వెళ్ళలేదురా నేను. నువ్వు ఎత్తుకోబోతే కర్ర అడ్డం పెట్టేరు, చూసేవుగా? అలాంటి మనిషిని పంపిస్తున్నాం ఇవాళ. మంచంలో మూటని కాదు."

కొడుకు గోడకి జారగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాసేపటికి తేరుకుని, ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి, "ఆ గంట విప్పి లోపల పెట్టనా అమ్మా?" అన్నాడు.

"ఉండనివ్వరా," అన్నారు బుచ్చమ్మ గారు.

భవాని కాళ్ళు కడుక్కోవడానికి పెరటివైపు నడిచింది. గడప దగ్గర్నుంచి మట్టిలో బొటనవేలు గీసిన గీత, జనం తొక్కగా మిగిలినంత మేర, డొక్కల పోగు పక్కనుంచి రేవు దాకా ఉంది. జామకొమ్మకి ఇత్తడి గంట వేలాడుతోంది, దాని తాడు కొస ఆయన కుడిచెయ్యి లాగిన ఎత్తులోనే ఉంది.